ముగ్గురి పేరు మీద నేనొక్కణ్ణే పెట్టిన తేదీ

“మేం ముగ్గురం కలిసే నిర్ణయించుకుంటామండి. మా పద్ధతి అదే.”

నెల్లిమర్ల చర్చి వరండాలో, కమిటీ పెద్దల ముందు నేను ఈ మాట అన్నాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ మాట అబద్ధం కాదు. కానీ దాని వెనకే చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. “ఈ ఒక్క తేదీ మాత్రం వాళ్ళిద్దరూ వద్దంటుంటే నేను పెట్టాను” అని చెప్పాలి. చెప్పలేదు. నేను చెప్పకపోవడం వల్ల ఒకావిడ పని పోయింది, తల దాచుకునే గది పోయింది, పాతికేళ్ళుగా సంపాదించుకున్న మంచి పేరు పోయింది. నేను పాస్టరునయ్యాను.

పోయిన వేసవిలో శ్రీకాకుళంలో సంఘ సేవకుల కూటం జరిగింది. కలిసి పనిచేయడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పరిచయం చేసినాయన నన్ను “అరవైల చివర్లో నెల్లిమర్ల చుట్టుపక్కల ఒంటిచేత్తో సేవ నడిపిన మనిషి” అన్నాడు. లేచి నలభై నిమిషాలు మాట్లాడాను. ముగ్గురు మనుషులు పని ఎలా పంచుకోవచ్చో, పెత్తనం వారానికొకరి చేతికి ఎలా మారవచ్చో వివరంగా చెప్పాను. మెచ్చుకున్నారు. కొందరు రాసుకున్నారు కూడా. ఆ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. దాన్ని పాడుచేసింది మాత్రం నేనే. ఆ సంగతి వాళ్ళెవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకంటే ముందు నెల్లిమర్లలో ఉన్న పాస్టరుగారు ముసలివారు. చివరి ఏడాది మంచం మీదే గడిపారు. తిరగలేక, తన పనిని ముగ్గురికి పంచారు. మొదటి మనిషి, ఊళ్ళవాళ్ళందరూ బైబిలమ్మ అని పిలిచే ఒక వితంతువు. యాభైకి దగ్గర్లో ఉండేది. చర్చి వెనక ఒక గదిలో ఉంటూ చుట్టుపక్కల పేటలకు నడిచి వెళ్ళి, ఆడవాళ్ళకు చదువూ వాక్యమూ చెప్పేది. రెండో మనిషి సంఘ పెద్ద. జనపనార మిల్లులో మగ్గాల మీద పని ఆయనది. ఆయన పాడితే మిల్లు కూత కూడా చిన్నబోతుందని జనం వేళాకోళం చేసేవారు. మూడోవాణ్ణి నేను. వేదాంత పాఠశాలలో చదువు ముగించి అప్పుడే వచ్చాను.

పాస్టరుగారు మాకు ఒక పద్ధతి నేర్పారు. ఏ పేటకు వెళ్ళినా ముగ్గురం కలిసి వెళ్ళాలి. ఒకరు పాడాలి, ఒకరు వాక్యం చెప్పాలి, మూడోవారు నోరు విప్పకుండా జనం మధ్యలో కూర్చుని, వాళ్ళు ఏమనుకుంటున్నారో వినాలి. ఈ పనులు వారం వారం మారాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురం చర్చిలో చాప పరుచుకొని కూర్చుంటాం. విన్న మనిషి తాను విన్నది చెబుతారు. వచ్చే వారం ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెయ్యాలి అన్న విషయంలో ఆ వారానికి వాళ్ళ మాటే చెల్లుతుంది. వాక్యం చెప్పినవారి మాట చెల్లదు. ఇంకొక నియమం కూడా ఉండేది. చాప మీద ఎంతైనా పోట్లాడుకోవచ్చు, చాప దిగాక బయటివాళ్ళ ముందు ముగ్గురిదీ ఒకటే మాట.

పాస్టరుగారు పోయాక కూడా రెండేళ్ళు ఇలాగే నడిచింది. మాలో ఎవరు పెద్ద అన్న ప్రశ్న రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నా జీవితంలో మంచి పని జరిగినది ఆ రెండేళ్ళే.

వినే వంతు వచ్చిన వారం నాకు ఒళ్ళు మండిపోయేది. చదువుకొని వచ్చినవాణ్ణి, మూగవాడిలా కూర్చోవడమేమిటి? పేటలోని ఆడవాళ్ళకు నా అవస్థ తెలుసు.

“ఓలమ్మ, ఈయారం మూగోడి వంతు అయ్యగారిదేనేటి!” అనేది ఒకావిడ.

“పాపం, పళ్ళునొప్పేమోనే. సూడు, దవడెలాగ బిగించినాడో.”

“అమ్మగారూ, ఆయనకి కూసింత చోడంబలి పొయ్యండి. మింగడానికైనా నోరిప్పుతాడు.”

బైబిలమ్మగారు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు. ఆవిడ వంతు వచ్చినప్పుడు చెట్టు నీడలో గోగునార తీస్తున్న ఆడవాళ్ళ పక్కన చేరి తానూ నార తీస్తూ కూర్చునేది. ఆ గోగు కుళ్ళిన వాసన రెండు రోజులు ఆవిడ చీరను వదిలేది కాదు. ఆదివారం చాప మీద ఆవిడ చెప్పేవి విని మేమిద్దరం ఆశ్చర్యపోయేవాళ్ళం. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, నా ప్రసంగంలో ఏ మాట ఎవరికి గుచ్చుకుందో ఆవిడకు తెలిసేది.

చంపావతి ఏటికి అవతల ఒక పేటలో ఏడు కుటుంబాలు బాప్తిస్మం కోరుకున్నాయి. ఆ ఏడు ఇళ్ళ మగవాళ్ళూ కంబారులు. ఏడాది లెక్కన ఒక రైతు దగ్గర పనికి కుదిరే మనిషిని మా వైపు కంబారి అంటారు. అతని గుడిసె రైతు స్థలంలోనే ఉంటుంది. ఏడాది తిండిగింజలు రైతే ఇస్తాడు. పని పోతే గుడిసె కూడా పోతుంది. ఆ ఊళ్ళో ఉగాదికి ముందు వారంలో రైతు తన కంబారికి కొత్త పంచె పెడతాడు. కంబారి ఆ పంచె కట్టుకొని, ఊరి అమ్మవారి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఈ ఏడాది నాగలి వదలనని మాట ఇస్తాడు. కాగితం, సంతకం ఏమీ లేవు. ఆ కొబ్బరికాయే వాళ్ళ ఒప్పందం.

ఈ సంగతి బైబిలమ్మగారు తాను విన్న వారంలో చెప్పింది. ఆవిడ మాట ప్రకారం, బాప్తిస్మం వానలు పడ్డాక పెట్టుకోవాలి. ఈలోగా మిల్లు పెద్దాయన రైతులతో మాట్లాడాలి. ఆయనకు వాళ్ళలో పెద్దరైతుతో చిన్నప్పటి స్నేహం ఉంది. కొబ్బరికాయ లేకుండా మాట ఇచ్చే దారి ఏదైనా వాళ్ళే చూపిస్తారని ఆవిడ నమ్మకం. ముగ్గురం ఒప్పుకున్నాం. నేనూ ఒప్పుకున్నాను.

ఆ చలికాలంలోనే, చుట్టుపక్కల సంఘాలన్నిటి మీదా అజమాయిషీ చేసే కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఒక్కొక్క చోట ఒక్కరే బాధ్యులుగా ఉండాలని, తగినవారిని గుర్తించి పాస్టరుగా అభిషేకిస్తామని, అందుకోసం సూపరింటెండెంటుగారు మార్చిలో పర్యటనకు వస్తారని అందులో రాశారు. ఉత్తరం నా చేతికి వచ్చింది. వాళ్ళిద్దరికీ చదివి వినిపించాను.

మిల్లు పెద్దాయన నవ్వాడు. “ఒక్కడే గావాలంటే మనం ముగ్గురం కలిపి ఒక్కడమని రాసీ బాబూ.”

బైబిలమ్మగారు, “అయ్యగారివి నువ్వే అవుతావులే. చదువుకున్నోడివి. మాకేటి బాధ? చాప మాత్రం ఎత్తీకు” అంది.

ఎత్తేశాను. ఒక ఆదివారం విజయనగరంలో పనుందన్నాను. మరుసటి ఆదివారం తలనొప్పి అన్నాను. మూడో ఆదివారం ఏ సాకూ చెప్పకుండానే సైకిలెక్కి వెళ్ళిపోయాను. పేటలకు కూడా ఒక్కణ్ణే వెళ్ళడం మొదలుపెట్టాను. నేనే పాడాను, నేనే చెప్పాను. వినే మనిషి లేడు. జనం అంతకు ముందులాగే మర్యాదగా కూర్చునేవారు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

సూపరింటెండెంటుగారు వచ్చినప్పుడు చూపించడానికి నాకు ఒక బాప్తిస్మం కావాలి. నిజం ఇదే. దీనికి నేను వేరే కారణాలు వెతుక్కున్నాను. ఎండలు ముదిరితే చంపావతిలో ఇసుక తప్ప ఏమీ మిగలదు, మడుగులో నడుము లోతు నీళ్ళుండగానే కానివ్వాలి అని వాళ్ళిద్దరికీ కబురు పంపాను. కబురంటే చర్చి గోడకు అంటించిన కాగితం. ఉగాదికి పది రోజుల ముందు ఆదివారం అని రాసి కింద సంతకం చేశాను.

ఆ సాయంత్రం బైబిలమ్మగారు నా గదికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

“బాబూ, పంచెల వారం ముందర ఎట్టీసేవేటి? మనం అనుకున్నది ఏటి, నువ్వు రాసినది ఏటి?”

“విశ్వాసం ఉంటే కొబ్బరికాయ కొట్టరు అమ్మగారూ. అందరికీ తెలిసేలా కొట్టకుండా నిలబడితే అంతకన్న సాక్ష్యం ఏముంటుంది?”

“నిలబడడానికి ఆల్లకి సోటేదీ? ఆ నేల రైతుది. నువ్వు నానూ ఈ గోడల మద్దిని నిలబడి సెప్పడం సులువు.”

“భయపెట్టకండి వాళ్ళని.”

“నాను బయిపెట్టేదేటి? ఆ ఆడోల్లే అడగతన్నారు. ఓ మారు చాప మీద కూకో. మేమిద్దరం సెప్పింది విను. అప్పుడు నీకు ఏది తోస్తే అది సెయ్యి.”

కూర్చుంటానన్నాను. కూర్చోలేదు. రెండు రోజుల తర్వాత మిల్లు పెద్దాయన చర్చి గేటు దగ్గర నన్ను ఆపాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. జుట్టు నిండా నార దూది. “పెద్దరైతు మెత్తబడతన్నాడు బాబూ. ఒక ఏడాది ఆగు. నీ కాళ్ళు పట్టుకుంటాను” అన్నాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద మనిషి అలా అనేసరికి సిగ్గేసింది. ఆ సిగ్గుకు కోపం వచ్చింది. “మీ స్నేహాల కోసం దేవుని పని ఆపమంటారా?” అని సైకిలెక్కాను.

బాప్తిస్మం చాలా గొప్పగా జరిగింది. విజయనగరం నుంచి మైకు తెప్పించాను. సూపరింటెండెంటుగారి జీపు ఇసుకలోకి దిగితే చూడడానికి అవతలి ఊరి జనం గట్టు మీదకు వచ్చారు. ఇరవై మూడు మంది మడుగులో మునిగి లేచారు. బైబిలమ్మగారు ఆడవాళ్ళకు పొడి చీరలు అందించింది. మిల్లు పెద్దాయన పాడాడు. బయటివాళ్ళ ముందు ముగ్గురిదీ ఒకటే మాట కదా, ఇద్దరూ ఆ నియమం తప్పలేదు. నేను మైకు పట్టుకొని, “ఇన్నాళ్ళూ రాయికి కొబ్బరికాయ కొట్టిన చేతుల్ని ఇవాళ వీళ్ళు కడిగేసుకున్నారు” అన్నాను. గట్టు మీద రైతులు నిలబడి ఉన్నారు. నాకు కనబడుతూనే ఉన్నారు.

ఆ వారంలో ఏడు ఇళ్ళకూ పంచెలు వచ్చాయి. ఏడుగురూ నా మాట మీద నిలబడ్డారు. పంచె తీసుకుంటాం, కొబ్బరికాయ కొట్టం అన్నారు. రైతులు పంచెలు వెనక్కి తీసుకున్నారు. ఉగాది దాటిన మూడో రోజున గుడిసెలు ఖాళీ చెయ్యమన్నారు.

నేను పెద్దరైతు ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. లేచి నాకు మంచం వాల్చాడు. తిడతాడేమోనని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు.

“మీ మిల్లాయన ఒచ్చి సెప్పినాడు బాబూ. సరే, మీ దేముడు మీకు, కొబ్బరికాయ అక్కర్నేదు, ఎద్దు ఈపు మీద సెయ్యేసి నాతో ఓ మాట సెప్తే సాలన్నాను. మిగిలినోల్లని ఒప్పించడానికి ఏడాది గడువడిగినాను. సరేనన్నాడు. అంతలో మీరు మైకెట్టి మా అమ్మోరిని రాయి అన్నారు. ఇంకేటి మొకమెట్టుకొని ఆల్లకి సెప్పను? మాట ఇయ్యనోడికి ఎడ్లెలాగిస్తాను సెప్పండి?”

చాప మీద ఒక్కసారి కూర్చుంటే ఈ సంగతి నాకు తెలిసేది.

ఆ పేటలో అందరికంటే పెద్దవాడు ఆ పెద్దరైతు దగ్గరే ముప్ఫై ఏళ్ళు నాగలి పట్టిన మనిషి. అతను చర్చికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. “అయ్యగారూ, మీరు సెప్పినట్టే సేసినాం. ఇప్పుడేటి సెయ్యమంటారు?” అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ప్రార్థన చేద్దామన్నాను. కళ్ళు మూసుకున్నాడు. నేను ప్రార్థన చేసి కళ్ళు తెరిచేసరికి అతను ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నాడు.

వారం తిరిగేసరికి ఆ కుటుంబాలు విజయనగరం స్టేషనుకు నడిచి వెళ్ళిపోయాయి. ఖరగ్‌పూర్ వైపు పనులు దొరుకుతాయని ఎవరో చెప్పారట. బైబిలమ్మగారూ మిల్లు పెద్దాయనా స్టేషను దాకా వాళ్ళతో నడిచారు. నేను వెళ్ళలేదు. ఆ రోజు ప్రసంగం రాసుకోవాలని చెప్పాను.

రెండు నెలల తర్వాత కమిటీ నుంచి ముగ్గురు పెద్దలు విచారణకు వచ్చారు. ఏడు కుటుంబాలు ఊరు వదిలాయన్న సంగతి పైదాకా వెళ్ళింది. విచారణ బుధవారం పొద్దున పెట్టారు. మిల్లు పెద్దాయన షిఫ్టులో ఉన్నాడు. వరండాలో బల్ల వేసి పెద్దలు ఒకవైపు, మేమిద్దరం ఒకవైపు కూర్చున్నాం.

“ఈ తేదీ ఎవరు నిర్ణయించారు?” అని అడిగారు అధ్యక్షులు.

బైబిలమ్మగారు నా వైపు చూసింది. అప్పుడే నేను ఆ మాట అన్నాను. మేం ముగ్గురం కలిసే నిర్ణయించుకుంటామండి. మా పద్ధతి అదే.

ఆయన ఆవిడ వైపు తిరిగారు. “ఆ ఇళ్ళలోకి వెళ్ళి వచ్చేది మీరు. ఈ పంచెల సంగతి మీకు ముందు తెలియదా?”

“తెలుసండి.”

“తెలిసీ ఆ తేదీకి ఒప్పుకున్నారా?”

ఆవిడ మళ్ళీ నా వైపు చూసింది. రాసుకుంటున్న ఆయన పెన్ను కాగితం మీద ఆగింది. ఎంతసేపో చెప్పలేను. ఒక మనిషి నోరు విప్పి నాలుగు మాటలు చెప్పడానికి సరిపడినంతసేపు ఆగింది. నేను బల్ల మీద చెక్క గీతలు చూస్తున్నాను.

“ముగ్గురిదీ ఒకటే మాటండి” అంది బైబిలమ్మగారు.

పెన్ను కదిలింది. తెలిసి కూడా హెచ్చరించలేదన్న తప్పు ఆవిడ మీద రాశారు. పని నుంచి తీసేశారు. గది ఖాళీ చెయ్యడానికి పది రోజులిచ్చారు. మిల్లు పెద్దాయనను పెద్దరికం నుంచి తప్పించారు. నేను చదువుకున్నవాణ్ణే అయినా చిన్నవాణ్ణని, అనుభవజ్ఞులు నన్ను సరిగా నడిపించలేదని అన్నారు. ఇకమీదట ఒక్కరే బాధ్యులు ఉండాలన్న తమ మాటకు ఇదే రుజువు అన్నారు.

షిఫ్టు దిగి మిల్లు పెద్దాయన పరుగున వచ్చేసరికి జీపు వెళ్ళిపోయింది.

“అప్పా, నువ్వొప్పుకున్నావేటి? వద్దని మొత్తుకున్నది నువ్వే గదా!” అని ఆవిడను అడిగాడు. ఆవిడ బియ్యం చెరుగుతూనే ఉంది. నా దగ్గరకు వచ్చాడు.

“నువ్వేటన్నావు?”

“మన పద్ధతి చెప్పాను.”

“మన పద్ధతా?” ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. “ఇంక ఆ పద్ధతిలోకి నా పేరు లాగకురా.”

అంతకు ముందెప్పుడూ ఆయన నన్ను ‘రా’ అనలేదు. మర్నాడే బస్సెక్కి కమిటీ దగ్గరకు పోతానని బయల్దేరితే బైబిలమ్మగారే ఆపింది. “ఒగ్గీ తమ్ముడా. నువ్వు సెప్తే తగువవుతాది. బాబే సెప్పాల. సెప్తాడు” అంది. కిటికీ ఇవతల నేను ఆ మాట విన్నాను. పది రోజులూ ఆవిడ ఎదురుచూసింది. రోజూ ఆ గది ముందు నుంచే నూతికి వెళ్ళేవాణ్ణి. పదకొండో రోజు పొద్దున్న ఆవిడ రేకుపెట్టె నేనే మోసుకెళ్ళి బొబ్బిలి బస్సు మీద పెట్టించాను. ఆవిడ గది తాళం నా చేతిలో పెట్టింది. “ఇది ఇంక నీకే ఇయ్యాల గదా” అంది. అంతే.

ఆ శీతాకాలంలో నన్ను అభిషేకించారు. తర్వాత మూడేళ్ళు నెల్లిమర్లలో ఉన్నాను. మిల్లు పెద్దాయన మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. ఆయన లేకపోతే పాటలు నీరసంగా సాగేవి. పేటల్లో ఒక్కొక్క ఇల్లే దూరమైంది. ఎందుకో నాకు తెలిసేది కాదు. చెప్పేవాళ్ళు లేరు. నేను మాత్రం ఇంకా గట్టిగా ప్రసంగించాను. శ్రీకాకుళానికి బదిలీ అయినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, శిక్షణ కేంద్రంలో పాఠాలు. ఇరవై ఏళ్ళు మంచివాడిలాగే బతికాను. ప్రతి ఏడాదీ పంచెల వారంలో మాత్రం అన్నం సహించేది కాదు. నా భార్యకు వేడి చేసిందని చెప్పేవాణ్ణి.

శ్రీకాకుళం కూటం జరిగిన పదిహేను రోజులకు బొబ్బిలి వెళ్ళాను. బైబిలమ్మగారు చెల్లెలి కూతురి ఇంట్లో ఉందని తెలుసు. తెలిసి చాలా ఏళ్ళయింది. పక్కింట్లో వీణలకు పనస దుంగ తొలుస్తున్నారు. ఆ ఉలి దెబ్బల మధ్య ఆవిడ గోడకు ఆనుకొని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్భై దాటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“ఇరవై ఏళ్ళు పట్టిందేటి బాబూ, నెల్లిమర్ల నుంచి బొబ్బిలికి?”

నేను నేల మీదే కూర్చున్నాను. చెప్పాలనుకున్నవన్నీ చెప్పాను. చాపను ఎందుకు ఎత్తేశానో, ఆ తేదీ ఎందుకు పెట్టానో, వరండాలో ఎందుకు నోరు విప్పలేదో అంతా చెప్పాను. ఆవిడ గింజలు తీస్తూనే వింది. అయిపోయాక కొంగుతో చేతులు తుడుచుకుంది.

“నువ్వు నోరిప్పుతావని సూసినాను. పెన్ను ఆగింది గదా, అప్పుడు సూసినాను. పది రోజులు సూసినాను. తరవాత సూడడం మానీసినాను.”

“నన్ను క్షమించండి అమ్మగారూ.”

“నాకు జరిగినదానికైతే ఎప్పుడో ఒగ్గీసినాను. ఆ రోజే ముగ్గురిదీ ఒకటే మాటన్నాను గదా. ఆ తప్పులో నాకూ పాలు ఉన్నాది. నియమం పట్టుకొని ఊరుకున్నాను. అరవాల్సింది. బయటోల్ల ముందరే అరవాల్సింది.” ఆవిడ చింతపండు పక్కకు నెట్టింది. “ఆ ఏడు ఇళ్ళోల్లు ఏరీ? ఎక్కడున్నారో నీకు ఎరికేనా?”

“తెలీదు.”

వాళ్ళలో పెద్దవాడు ఖరగ్‌పూర్‌లో మూటలు మోస్తూ మొదటి ఏడే పోయాడని మాత్రం విన్నాను. అదే చెప్పాను. ఆవిడకూ ఆ సంగతి తెలుసు.

“మరి ఆల్ల తరపున నాను ఎలాగ ఒగ్గీను? నాకు ఆ పెత్తనం ఎవులిచ్చినారు? ఇక్కడికొచ్చి నాకు సెప్పినావు. నాకు తెలిసిందే సెప్పినావు. తెలీనోల్లకి సెప్పు. ఎక్కడ ఊరుకున్నావో అక్కడికెల్లి సెప్పు.”

“మీరూ రండి.”

“నానెందుకు? నా మొకం సూసి జాలిపడి, నీ మాట సగమే ఇంటారు.”

వచ్చే ముందు ఆవిడ కాళ్ళకు దండం పెట్టబోతే కాళ్ళు ముడుచుకుంది. అన్నం తిని వెళ్ళమంది. తిన్నాను. ఒక్క ముద్దా రుచి తెలియలేదు.

నెల్లిమర్లలో ఇప్పుడున్న పాస్టరుగారు పాతికేళ్ళవాడు. నా సంగతేమీ తెలియదు. ఆదివారం పది నిమిషాలు మాట్లాడనివ్వమని అడిగితే ప్రసంగమే చెయ్యమన్నాడు. వద్దన్నాను. ముప్ఫై మంది దాకా ఉన్నారు. మిల్లు పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఆయన భార్య వెనక వరసలో కూర్చుంది. ఆవిడ తప్ప ఆ రోజులు ఎరిగినవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగిలినవాళ్ళు పెద్ద అయ్యగారు ఏదో మంచిమాట చెబుతారని నన్ను నవ్వుతూ చూస్తున్నారు. వేదిక ఎక్కలేదు. వాళ్ళ ముందు కింద నిలబడ్డాను. రాసుకొని వెళ్ళిన కాగితం చేతిలోనే ఉంది, దాన్ని చూడలేకపోయాను. గుర్తున్నంత వరకు ఇలా అన్నాను:

“ఈ చర్చి వెనక గదిలో ఒకప్పుడు ఉన్న బైబిలమ్మగారు ఏడు కుటుంబాలను ముంచిందని మీలో కొందరు విని ఉంటారు. నిజం కాదు. వాళ్ళను కాపాడాలని చూసింది ఆవిడే. మిల్లు పెద్దాయన కూడా చూశాడు. రైతుల్ని దాదాపు ఒప్పించాడు. వాళ్ళిద్దరి మాటా వినకుండా, పాస్టరు పదవి కోసం తొందరపడి ఆ రోజును నిర్ణయించింది నేను. విచారణలో నన్ను అడిగారు. ముగ్గురి పేరు చెప్పి దాక్కున్నాను. ఆవిడకు పడిన శిక్ష నాకు పడాలి. నాకు దక్కిన గౌరవం నాది కాదు. ఆవిడ పట్ల తప్పు చేశాను. పెద్దాయన పట్ల చేశాను. అమ్మా, వెనక కూర్చున్నారు, మీ ఇంటాయన బతికుండగా ఈ మాట చెప్పలేకపోయాను, మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. ఈ సంఘాన్ని అడుగుతున్నాను. నేను చెప్పింది నమ్మి గుడిసెలు పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. వాళ్ళను అడగడానికి నాకు చోటు లేదు. ఆ ఇళ్ళవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ మీకెవరికైనా ఎప్పుడైనా ఎదురుపడితే, తప్పు వాళ్ళ విశ్వాసానిది కాదని, వాళ్ళ బైబిలమ్మది కాదని, నాదని చెప్పండి. నేను వాళ్ళను క్షమాపణ అడిగానని చెప్పండి.”